రెండు కామాల మధ్య గురువారం

సంచీ అడుగున ముందుగా ఒక తువ్వాలు పరిచింది పద్మావతమ్మ. దాని మీద రెండు నూలు చీరలు, మూడు జాకెట్లు, కొబ్బరినూనె సీసా. నూనె ఒలుకుతుందేమోనని మూత విప్పి, ప్లాస్టిక్ కాగితం అడ్డం పెట్టి, మళ్లీ బిగించింది. చివరగా కొంగు ముడి విప్పి చిన్న పొట్లం తీసి చీరల మడతలోకి తోసింది.

"అదేందక్కా?" అంది గుమ్మంలో నిలబడ్డ నాగలక్ష్మి.

"నల్లపూసలు." పద్మావతమ్మ తలెత్తలేదు. "ఈపాటికి పెళ్లి చేసుకునే ఉంటారు గదా. పిల్ల మెడ బోసిగా ఉండకూడదు."

నాగలక్ష్మి ఇరవై ఏళ్లు పోలీసు శాఖలో పనిచేసి, హెడ్ కానిస్టేబుల్‌గా ఉద్యోగం వదులుకుని, ఖమ్మంలో చిన్న డిటెక్టివ్ ఆఫీసు పెట్టుకున్న మనిషి. తప్పిపోయినవాళ్లను వెతకడమే ఆమె పని. ఇంట్లోవాళ్లు సంచీ సర్దుతున్నంత సేపు వాళ్లతో ఏదీ గట్టిగా చెప్పకూడదని ఆమెకు అనుభవం మీద తెలిసింది. సంచీ సర్దే చేతులకు ఆశ ఉంటుంది. మాట జారితే ఆ చేతులు ఎక్కడివక్కడ ఆగిపోతాయి, వాటిని చూడటం కష్టం.

పద్మావతమ్మ వేంసూరు రైతు కుటుంబపు ఇల్లాలు. ఆమె కూతురు పద్మప్రియకు ఇరవై ఏడేళ్లు. భద్రాచలంలో ఉద్యోగ పరీక్షల కోచింగ్ సెంటర్లో ఇంగ్లీషు చెబుతోంది. ఇప్పుడు వీళ్లు నిలబడ్డది ఆమె కిరాయి గది. గురువారం క్లాసు చెప్పి వెళ్లిన పద్మప్రియ ఈ గదికి తిరిగి రాలేదు. ఇవాళ సోమవారం. మొన్న శనివారం పోలీసులు ఆమె దగ్గర చదువుకునే రామకృష్ణ అనే కోయ కుర్రాణ్ణి పట్టుకెళ్లారు. పద్మప్రియ అడవిలో ఉన్న అతని గూడేనికి వెళ్లిందని, అక్కడి నుంచి అతనే ఆమెను ఎక్కడో దాచాడని వాళ్ల మాట. దాచాడో, అంతకన్నా ఘోరం చేశాడో తేలాల్సి ఉందని కూడా అన్నారు. పద్మావతమ్మ ఆ రెండో ముక్క చెవిన పెట్టలేదు. 'దాచాడు' అన్న మాటనే పట్టుకుని రెండు రోజులుగా బతుకుతోంది.

"వాళ్ల నాన్న ఒప్పుకోరు. ఆయన సంగతి నేను చూసుకుంటా," అంది సంచీ జిప్పు లాగుతూ. "కోయవాళ్ల పిల్లాడైతేనేం, మనిషే గదా నాగలక్ష్మీ. ఎక్కడున్నా పిల్ల నా కంట పడితే చాలు."

పక్క గదిలో ఉండేది లిఖిత. కొత్తగూడెం గని కార్మికుడి కూతురు, పద్మప్రియ విద్యార్థిని. నాగలక్ష్మి ఆమెను డాబా మీదికి తీసుకెళ్లి నీడలో కూర్చోబెట్టింది.

"గురువారం క్లాసు ఎప్పుడైపోయింది బిడ్డా?"

"పన్నెండున్నరకమ్మా. రోజూ ఒంటిగంట దాకా ఉంటది. ఆ రోజు మేడమే మధ్యలో ఆపింది."

"ఏం పాఠం చెబుతుండె?"

"కామాలు."

"కామాలకు కూడ ఒక పాఠమా?"

"వారమంతా అదేనమ్మా!" లిఖిత ముఖంలో మొదటిసారి నవ్వు కనబడింది. "ఒక పెద్ద వాక్యముంటది, అది తన కాళ్ల మీద తను నిలబడుద్ది. ఇంకో చిన్న వాక్యముంటది, అది ఒంటరిగా నిలవదు, పెద్దదాన్ని ఆనుకోవాలె. 'వాన వెలిసినప్పుడు' అని ఊరుకుంటే ఏం తెలుస్తది? 'మేం బయలుదేరినం' అంటేనే తెలుస్తది. ఇంగ్లీషుల ఆ చిన్నది ముందొస్తే దాని వెనక కామా పెట్టాలె. చివర వస్తే చానాసార్లు అక్కర్లేదు. మధ్యల దూరిందనుకో, అప్పుడే తిప్పలు."

"ఏం తిప్పలు?"

"మేడమ్ మమ్మల్ని ముగ్గుర్ని వరసగా నిలబెట్టేది. నడిమిట్ల ఉన్నోణ్ణి బయటికి పంపేది. మిగిలిన ఇద్దరూ చెయ్యి చెయ్యి పట్టుకుంటే అర్థం వచ్చిందా? వస్తే వాడు లేకున్నా నడుస్తది, వాడికి అటో కామా ఇటో కామా. 'మా మామ, ఆయన కొత్తగూడెంల ఉంటడు, లారీ నడుపుతడు' అన్నట్టు. కొత్తగూడెం తీసేసినా మామ మామనే, లారీ లారీనే. అదే 'దీపం పగలగొట్టిన పిల్లగాడు పారిపోయిండు' అనుకో, మధ్యది తీస్తే ఏ పిల్లగాడో తెల్వదు. అప్పుడు కామాలు పెట్టొద్దు."

నాగలక్ష్మి తల ఊపింది. పదో తరగతితో చదువు ఆపేసిన ఆమెకు ఇంగ్లీషంటే ఎప్పుడూ జంకే. కానీ నడిమి మనిషిని బయటికి పంపి చూడటమన్నది బాగా అర్థమైంది. అది తనకు తెలిసిన పనే.

"మరి మధ్యల ఎందుకాపింది?"

లిఖిత వెనక్కి తిరిగి చూసుకుంది. గొంతు తగ్గించింది.

"ఆ వాక్యాలు మేడమ్ రాసినవి కావమ్మా. జయప్రకాశ్ సారే ఇచ్చిండు. మిగతా పాఠాలన్నీ పక్కన పెట్టి ఈ వారం ఈ పన్నెండు వాక్యాలే రుద్దించమన్నడట. గురువారం మేడమ్‌కు ఒక వాక్యం నచ్చలే. మాకు తెలిసేటట్టు మారుస్తా అని సార్‌కు ఫోన్ చేసింది. ఫోన్ బల్ల మీద పెట్టి మాట్లాడింది, మాకందరికీ ఇనబడ్డది. సార్ ఎంత అరిచిండని! ఒక్క మాట మార్చొద్దు, ఉన్నదున్నట్టు నేర్పు, అంతే అన్నడు."

"తర్వాత?"

"మేడమ్ చానాసేపు బోర్డు దిక్కే చూసుకుంట నిలబడ్డది. తర్వాత, 'రేపు నా వాక్యాలు నేనే రాసుకొస్తా, ఇవి మర్చిపోండి' అన్నది. క్లాసు వదిలేసింది. ఒంటిగంటప్పుడు సార్ వచ్చిండు. ఇద్దరూ మెట్లు దిగుతుంటే చూసిన. మేడమ్ ముందు, సార్ వెనక."

"నిన్న పరీక్ష రాసినవా?"

లిఖిత గోరు కొరుక్కుంది. "రాసిన."

"కామాలు వచ్చినయా?"

"పన్నెండూ అవే అమ్మా. ఒక్క ముక్క తేడా లేదు." ఆ పిల్ల కళ్లలో నీళ్లు తిరిగాయి. "బయటికొచ్చి అందరం ఎగిరి గంతేసినం. రాత్రి పడుకున్నంకనే భయమేసింది. నా మార్కులు పోతయా అమ్మా? మా నాయిన ఇంకో ఏడాది కోచింగుకు పంపడు."

"నువ్వు దొంగిలించలేదు గదా. ఏడవకు," అంది నాగలక్ష్మి. పద్మప్రియకు బోర్డు ముందు నిలబడ్డ ఆ కాసేపట్లో సంగతి అర్థమైపోయింది. ప్రశ్నపత్రం ముందే బయటికొచ్చింది. రేపు వస్తానని పిల్లలకు మాట ఇచ్చిన మనిషి అదే మధ్యాహ్నం ఎవరితోనో లేచిపోదు. ఆ ఆలోచన వెంటే ఇంకో ఆలోచన వచ్చింది. కింద గదిలో నల్లపూసల పొట్లం ఉంది.

*

జయప్రకాశ్ కోచింగ్ సెంటర్ యజమాని. నలభై అయిదేళ్లు, ఇస్త్రీ నలగని తెల్లచొక్కా. తాతల కాలంలో కోస్తా నుంచి వచ్చి పొలాలు కొన్న కుటుంబం. పరీక్ష అయిపోయి సెలవులిచ్చారు గనక తరగతి గది ఖాళీగా ఉంది. బోర్డు మీద గురువారం నాటి రెండు ఇంగ్లీషు వాక్యాలు అలాగే ఉన్నాయి. మూడోది సగంలో ఆగిపోయింది.

"నాకు చదువు తక్కువ సార్," అంది నాగలక్ష్మి బోర్డు చూపించి. "ఈ తోకలేంది?"

జయప్రకాశ్‌కు హుషారొచ్చింది. ఒకప్పుడు తనూ ఇంగ్లీషు చెప్పినవాడే. "ఇవి కామాలమ్మా. మధ్యలో వచ్చిన ఉపవాక్యానికి రెండు వైపులా కాపలా. తలుపు రెక్కల్లాంటివి. ఆ రెండూ మూసి లోపలున్నది తీసేసినా అసలు వాక్యానికి నష్టం ఉండదు."

"బాగ చెప్పిన్రు. గురువారం సంగతి కూడ అట్లనే చెప్పండి. ఒంటిగంటకు ఏమైంది?"

"పోలీసులకు చెప్పాను కదా."

"నాక్కూడ ఓసారి."

అతను నిట్టూర్చాడు. "పద్మప్రియ గారు రామకృష్ణ ఊరు వెళ్లాలన్నారు. వారంగా క్లాసుకు రావడం లేదు, నేనే వెళ్లి తీసుకొస్తానన్నారు. ఒక్కరే ఎలా వెళ్తారని నేనే కారులో తీసుకెళ్లాను. రెండింటికి చేరాం. ఆ కుర్రాడి తల్లి అన్నం పెట్టింది. మూడింటికి నేను లేచాను. ఆవిడ ఉంటానన్నారు. రామకృష్ణ బండి మీద దింపుతానన్నాడు. నాలుగింటికి ఇల్లు చేరాను, మా ఆవిణ్ణి అడగండి."

"అడిగిన. నాలుగింటికే వచ్చిన్రట. అన్నంలోకి ఏం పెట్టిన్రు?"

"ఏమిటీ?"

"కూర."

జయప్రకాశ్ నవ్వాడు. "మామిడికాయ పప్పు. వాకిట్లో చెట్టుంది, అప్పుడే కోసినవి. లేత కాయలు, టెంక కూడా ముదరలేదు. ఏం పులుపండీ! ఎండుచేప నంజుకున్నాం. ఆ రుచి ఇంకా నాలుక మీదే ఉంది."

"మామిడికాయ పప్పే గదా? యాదికి ఉంది గదా?"

"మరిచిపోయే రుచా అది!"

గుమ్మంలో బూట్ల చప్పుడైంది. సీఐ వెంకటరామారావు లోపలికి వచ్చాడు. ఎస్సైగా ఉన్న రోజుల్లో నాగలక్ష్మితో కలిసి పనిచేసిన మనిషి. ఒక దొంగతనం కేసులో అతను పట్టుకున్నవాడు దొంగ కాడని ఆమె తేల్చింది. ఆ సంగతి ఇద్దరూ మరిచిపోలేదు.

"ఏంటి నాగలక్ష్మి గారూ, ఇంగ్లీషు క్లాసులో చేరారా?"

"చేరాలె సార్. మీరు రాసే రిపోర్టులు చదవాలంటే యాడ ఆగాల్నో తెలియాలె గదా."

"ఖమ్మంలో ఎవరి మొగుడు ఎవరింటికి పోతున్నాడో చూసుకోక ఇంత దూరం ఎందుకండీ?"

"ఈ మధ్య మొగుళ్లు బుద్ధిగా ఉంటున్నరు. పనిలేక వచ్చిన." ఆమె గొంతు మార్చింది. "రామకృష్ణను వదిలేయండి సార్. తప్పుడు మనిషిని పట్టిన్రు."

"మళ్లీ మొదలెట్టారా?" వెంకటరామారావు ముఖం ఎర్రబడింది. "బుధవారం ఆ అమ్మాయి వాడికి మూడుసార్లు ఫోన్ చేసింది. గురువారం ఒంటిగంట దాటాక ఆమె ఫోన్ ఆగిపోయింది. అడవి రోడ్డెక్కితే సిగ్నల్ ఉండదు. జయప్రకాశ్ గారు ఊళ్లో పేరున్న మనిషి, కళ్లతో చూసి సాక్ష్యం చెబుతున్నారు. ఇంకేం కావాలి?"

"ఆ ఊళ్లో ఆమెను ఇంకెవరన్న చూసిన్రా?"

"వాళ్లూ వాళ్లూ ఒకటి. చూసినా చెప్పరు. ఇప్పుడు అక్కడికే వెళ్తున్నాం. ఈయన చోటు చూపిస్తారు, పంచనామా రాస్తాం, సాయంత్రం కుర్రాణ్ణి కోర్టులో పెడతాం. ఆ తర్వాత మీ తీరిక."

"నేనూ వస్తా."

"రోడ్డు ప్రభుత్వానిది. ఎవరైనా రావచ్చు."

*

కిరాయి కారు వెనక సీట్లో పద్మావతమ్మ దారంతా మాట్లాడుతూనే ఉంది. అల్లుడికి ఏం పెట్టాలి, మొగుణ్ణి ఎలా ఒప్పించాలి, చుట్టాలు అడిగితే ఏం చెప్పాలి. నాగలక్ష్మి ఊ కొట్టింది.

రామకృష్ణ గూడెం పాతిక గడప. పోలీసు జీపు ఆగగానే ఆడవాళ్లు పిల్లల్ని లోపలికి లాక్కున్నారు. రామకృష్ణ తండ్రి బొజ్జయ్య చేతులు కట్టుకుని వాకిట్లో నిలబడ్డాడు. అతని తల మీద జుట్టు కొత్తగా గీయించినట్టుంది. తల్లి జంపక్క మాత్రం నేరుగా సీఐకి ఎదురొచ్చింది.

"నా కొడుకేడి సారూ? తీసుకొస్తనంటివి!"

"వాడు చేసిన పని చెప్పమను, తీసుకొస్తాను."

"ఏం చేసిండు? ఆ మేడమ్ మా ఇంటికి రానే రాలే. ఈ కోచింగ్ సారూ గురువారం రాలే. వానాకాలంల ఓపాలి వచ్చిండు, పిల్లల్ని కోచింగుకు పంపుమని. అప్పుడు చూసిన ఈ ముఖం, మళ్లిప్పుడు చూస్తన్న."

"పక్కకు జరుగు."

కానిస్టేబుల్ రూప్‌సింగ్ అట్ట మీద కాగితం పెట్టుకుని రాయడం మొదలెట్టాడు. జయప్రకాశ్ తడుముకోకుండా చూపించాడు. ఇదిగో ఇక్కడ నులక మంచం. ఇక్కడ తను. పద్మప్రియ అక్కడ, గడప మీద. అన్నం ఆకుల్లో పెట్టారు. మంచం అక్కడే ఉంది, గడప ఉంది, ఆకులు కుట్టే చీపురుపుల్లలు కూడా చూరులో ఉన్నాయి. సీఐ నాగలక్ష్మి వైపు ఓరగా చూశాడు.

నాగలక్ష్మి వాకిలంతా తిరిగింది. ఇంటి గోడ, పొయ్యి, నీళ్ల కుండలు చూసింది. తర్వాత మామిడి చెట్టు కింద నిలబడింది.

చెట్టు నిండా కాయలు. కింది కొమ్మలు బరువుకు వంగి, నడిచే పిల్లవాడి చేతికి అందేంత కిందికి వచ్చాయి. ఒక్క తొడిమె తెగిన గుర్తు లేదు. గాలికి రాలినవి గోడ పక్కకు కుప్పగా ఊడ్చి ఉన్నాయి. పైవి పచ్చగా, అడుగువి ముడతలు పడి నల్లగా ఉన్నాయి. కుప్ప మీద చీమలు బారులు తీరాయి. ఇంతమంది పిల్లలున్న గూడెంలో ఏప్రిల్ నెలలో మామిడికాయలు కుప్పలో ఎండిపోవడం ఆమె ఎన్నడూ చూడలేదు.

చిన్నప్పుడు ఎవరో చెప్పగా విన్నది చప్పున గుర్తొచ్చింది.

అడగాల్సిన మాట నాలుక చివరిదాకా వచ్చి ఆగింది. అడిగితే జంపక్కకు కొడుకు వస్తాడు. మరి పద్మావతమ్మకు? ఆమె కారు దిగి సంచీ చంకన పెట్టుకుని, తలుపు సందుల్లోంచి ఒక్కో ఇంట్లోకి తొంగి చూస్తోంది, ఎక్కడో ఒకచోట కూతురు కూర్చుని ఉంటుందని. నాగలక్ష్మి కళ్లు మూసుకుని తెరిచింది.

"జంపక్కా," అంది మామూలుగా, "ఎండకు గొంతెండుతుంది. ఒక కాయ కోసియ్యరాదూ? ఉప్పూ కారం అద్దుకుని తింటం." అంటూనే చెయ్యి చాచి కొమ్మ పట్టుకుంది.

"అయ్యో! కొయ్యకమ్మా!" జంపక్క పరుగున వచ్చి ఆమె చెయ్యి పట్టేసుకుంది. ఇంటింటి గుమ్మంలోంచీ ఆడవాళ్లు కేకలేశారు. "పండుగ కాలే తల్లీ, ముట్టొద్దు!"

"ఏం పండుగ?"

బొజ్జయ్య ముందుకొచ్చాడు. "మామిడికాయ పండుగమ్మా. దేవరకు పెట్టినంకనే మేం నోట్లె పెట్టుకుంటం. అప్పటిదాక కాయ కొయ్యం, తినం."

"ఉగాది వెళ్లి మూడు వారాలు దాటిందిగా?" అన్నాడు వెంకటరామారావు.

"మీ ఉగాది మీది సారూ. మా పండుగ పెద్దలు దినం పెడితే అయితది. ఈసారి మా అన్న పోయిండు. ఆయననే పూజారి. పోయిన సోమవారం కాదు, దాని అవతలి సోమవారం. ఇంకో పూజారి కూసోవాలె, పెద్దలు దినం పెట్టాలె. అందుకే నా కొడుకు కోచింగుకు పోలే. ఆ మేడమ్ ఫోన్ చేసింది అందుకే, పెదనాయిన పోయిండని పలకరించనీకి. పరీక్షకన్న రమ్మన్నదట."

రూప్‌సింగ్ రాయడం ఆపేశాడు.

"గురువారం మీ పొయ్యి మీద మామిడికాయ పప్పు ఉడికిందా?" అని అడిగింది నాగలక్ష్మి.

"ఛీ ఛీ, అవేం మాటలు!" అంది జంపక్క.

"ఆగండాగండి," అన్నాడు సీఐ. "చుట్టం వచ్చిందని ఒకటో రెండో కోసి ఉండొచ్చు. బజారు నుంచి తెచ్చి ఉండొచ్చు."

బొజ్జయ్య అతని ముఖంలోకి సూటిగా చూశాడు. "చుట్టమొస్తే కోణ్ణి కోస్తం సారూ. మామిడికాయ కొయ్యం. బజారుదైనా అంతే. పసిపిల్లలే ముట్టలే, చూడు ఆ కుప్ప. ఇంటి పెద్ద పోయిన పది దినాల లోపల, పూజారి లేని ఊళ్లె, నా పెండ్లాం పప్పు వండుతదా?"

వెంకటరామారావు మెల్లగా జయప్రకాశ్ వైపు తిరిగాడు.

"వాంగ్మూలంలో మామిడికాయ పప్పని రాయించారు మీరు. సంతకం కూడా పెట్టారు."

"మామిడికాయ... కాదేమోనండీ. చింతకాయేమో. పులుపు కదా, పొరబడ్డాను."

"టెంక ముదరలేదన్నరు పొద్దున," అంది నాగలక్ష్మి. "చింతకాయకు టెంకెక్కడిది సార్? వానాకాలంల వచ్చినప్పుడు చెట్టు చూసిన్రు, మంచం చూసిన్రు. మీ ఇంట్ల ఉగాది నుంచి రోజూ మామిడికాయే. ఈ ఇంట్ల కూడ అంతే అనుకున్నరు. ఒట్టి అన్నం తిన్నమంటే ఎవరు నమ్ముతరని రుచి కూడ కలిపిన్రు."

"ఇదంతా ఊహ! సీఐ గారూ, ఒక పప్పు కోసం..."

"కామాల పాఠం మీరే చెప్పిన్రు," ఆమె ఆపలేదు. "మధ్యల ఉన్నదాన్ని తీసి, మిగిలింది నిలబడుద్దా లేదా చూడాలె. ఒంటిగంటకు పద్మప్రియ మీ ముందు మెట్లు దిగింది. దానికి లిఖిత సాక్షి. నాలుగింటికి మీరు ఒక్కరే ఇల్లు చేరిన్రు. దానికి మీ భార్య సాక్షి. ఈ ఊరు, ఈ మంచం, ఈ పప్పు, వీటికి మీరు తప్ప ఎవ్వరూ లేరు. తీసేసిన. ఏం మిగిలింది? ఆమె మీతో పోయింది. మీరు ఒక్కరే వచ్చిన్రు."

"ఎందుకు చేస్తానండీ నేను?"

"పన్నెండు వాక్యాల కోసం. ఒక్క మాట మార్చొద్దన్నరు గదా. అవే నిన్న పరీక్షల వచ్చినయి. ఆమె గురువారమే పసిగట్టింది."

సంచీ కింద పడ్డ చప్పుడైంది. పద్మావతమ్మ ఎప్పుడు వచ్చిందో, వాళ్ల వెనకే నిలబడి ఉంది.

"అయితే అమ్మాయి ఇక్కడికి రాలేదా?"

నాగలక్ష్మి వంగి సంచీ ఎత్తింది.

పద్మావతమ్మ జంపక్క దగ్గరికి వెళ్లి రెండు చేతులూ పట్టుకుంది. "అమ్మా, నువ్వు చెప్పు. వచ్చిందని చెప్పు. ఎవరికీ తెలియకుండా వచ్చింది కదూ? మీ అబ్బాయిని నేనే విడిపిస్తా, మా ఇంట్లో పెట్టుకుంటా, వాళ్లిద్దర్నీ ఏమీ అనను. వచ్చిందని ఒక్కమాట చెప్పమ్మా."

జంపక్క కళ్ల నుంచి నీళ్లు కారిపోతున్నాయి. ఆ ఒక్కమాట అంటే తన కొడుకు జైలుకు పోతాడని ఆమెకు తెలుసు. కానీ ఆమె తల అడ్డంగా ఊపింది అందుకు కాదు. "ఎట్ల చెప్పాలె అక్కా? రాలే. వస్తే కడుపుల దాచుకుందును. రాలే."

అప్పుడు రూప్‌సింగ్ గొంతు సవరించుకున్నాడు. "సార్, ఒక మాట. సారపాక దిక్కు జయప్రకాశ్ సారుకు జామాయిల్ తోట ఉంది. నరుకుడు పెట్టిన్రు. మా బామ్మర్ది కూలికి పోతుండె. శుక్రవారం పొద్దున పోతే గేటు కాడనే ఆపి అందర్నీ ఎనక్కి పంపిన్రట. సగం చెట్లు అట్లనే ఉన్నయి. లారీ కూడ వచ్చి ఉత్తగ పోయింది. ఎందుకాపిన్రో ఎవ్వరికీ తెల్వదు."

నరకడానికి అదునైన జామాయిల్‌ను, లారీ వచ్చాక, సగంలో ఆపిన రైతు ఆ చుట్టుపక్కల ఎవడూ ఉండడు. ఆ సంగతి అక్కడున్న అందరికీ తెలుసు. వెంకటరామారావుకూ తెలుసు. అతను జయప్రకాశ్ భుజం మీద చెయ్యి వేశాడు.

"తోటలోకి మనుషులు ఎందుకు రాకూడదు జయప్రకాశ్ గారూ?"

జయప్రకాశ్ నులక మంచం మీద కూలబడ్డాడు.

"అరవొద్దన్నాను," అన్నాడు. "ఖమ్మం వెళ్లి కంప్లయింట్ ఇస్తానంది. కారు ఆపమని అరిచింది. రోడ్డు మీద మనుషులున్నారు. నోరు మూశాను, అంతే. చంపాలనుకోలేదు. అరవొద్దని నోరు మూశాను."

వెంకటరామారావు నడిచి కొంచెం ఎత్తుగా ఉన్న చోటికి వెళ్లి, సిగ్నల్ దొరికేదాకా ఫోన్ పైకెత్తి పట్టుకున్నాడు. "ఆ కుర్రాణ్ణి వదిలేయండి," అన్నాడు స్టేషన్‌కు. "ఆఁ, ఇప్పుడే. అన్నం పెట్టి, బండి మీద ఇంటి దగ్గర దింపి రండి." తర్వాత ఇంకో ఫోన్ చేశాడు. తోట గుర్తులు చెప్పి, తవ్వడానికి మనుషుల్ని తీసుకెళ్లమన్నాడు. వెనక్కి వచ్చి నాగలక్ష్మి పక్కన నిలబడ్డాడు.

"చెప్పండి, అనండి ఏదైనా," అన్నాడు.

"ఏమంటం సార్," అంది ఆమె. "ఆమెను పట్టుకోండి, పడిపోయేటట్టుంది."

కానీ పద్మావతమ్మను అప్పటికే జంపక్క పట్టుకుంది. గోడ నీడలో ఇద్దరూ నేల మీద కూర్చున్నారు. పద్మావతమ్మ ఏడవడం లేదు. గూడెంలోకి వచ్చే బాట వైపు చూస్తోంది. ఎక్కడో దూరంగా మోటారు సైకిల్ చప్పుడైతే ఆమె తల ఎత్తింది, జంపక్క కూడా ఎత్తింది. ఆ బండి ఎవరిదో, వాళ్ల దారిన వాళ్లు పోయారు.

రామకృష్ణ ఆ సోమవారం పొద్దు గూకక ముందే ఇల్లు చేరాడు. పద్మప్రియ గురువారం మధ్యాహ్నం ఒంటిగంటకు కోచింగ్ సెంటర్ మెట్లు దిగి వెళ్లింది. ఆమె తిరిగి రాలేదు.